బండల సందుల్లో నేలబారు మొక్కలు: ఎంపిక, నాటడం, సంరక్షణ

యూనిట్ – 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 సందును పరీక్షించడం
7.3 మొక్కలో చూడవలసిన లక్షణాలు
7.4 చోటును బట్టి మొక్కలు
7.5 నాటకూడని మొక్కలు, నాటకూడని చోట్లు
7.6 నాటే విధానం – ఒక లెక్క
7.7 సంరక్షణ
7.8 సారాంశం
7.9 క్షేత్ర కృత్యం
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• బండల మధ్య సందును మొక్క పెరిగే చోటుగా పరీక్షించగలుగుతారు.
• సందులో పెరిగే మొక్కకు ఉండవలసిన లక్షణాలను కారణాలతో వివరించగలుగుతారు.
• ఎండ, నీడ, తేమ, కాలి తొక్కుడును బట్టి తగిన మొక్కను ఎంచుకోగలుగుతారు.
• కావలసిన మట్టిని, మొక్కల సంఖ్యను లెక్క వేయగలుగుతారు.

7.1 పరిచయం

ఇంటి ముందర, పక్క సందులో, బోరింగు చుట్టూ బండలు పరవడం మనకు బాగా అలవాటైన పని. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, కడప బండలు, కర్ణాటక నుంచి వచ్చే షాబాద్ బండలు మన ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని రెండు రకాలుగా పరుస్తారు. ఒకటి, చదును చేసిన నేల మీద ఇసుక పోసి, దానిపై బండను కూర్చోబెట్టడం. రెండోది, కాంక్రీటు వేసి, సిమెంటు మాలుతో బండను అతికించి, సందులను కూడా సిమెంటుతో పూడ్చడం. రెండో పద్ధతిలో ఊడ్చుకోవడం, కడుక్కోవడం సులువు. అందుకే చాలామంది దాన్నే కోరుకుంటారు.

అయితే దానికి ఒక ఖరీదు ఉంది. ఒక చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వచ్చినట్టు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడుతుంది. అంటే 100 చదరపు మీటర్ల వాకిలి మీద ఏడాదిలో సుమారు 80,000 లీటర్ల నీరు పడుతుంది. సందులన్నీ సిమెంటుతో మూసేస్తే ఆ నీరు దాదాపు మొత్తం వీధి కాలువలోకి పోతుంది. వేసవిలో అదే ఇంటివారు ట్యాంకరు కోసం ఫోను చేస్తారు.

సందులను తెరిచి ఉంచితే ఎంత నేల మిగులుతుంది? రెండడుగుల చదరపు బండ, అంటే 60 సెం.మీ. బండ తీసుకుందాం. చుట్టూ 5 సెం.మీ. సందు వదిలితే, ఒక్కో బండకు సందుతో కలిపి 65 × 65 = 4,225 చదరపు సెం.మీ. స్థలం కావాలి. అందులో బండ ఆక్రమించేది 3,600. మిగిలిన 625 చదరపు సెం.మీ. సందు. అంటే మొత్తం వైశాల్యంలో సుమారు 15 శాతం. సందును 2.5 సెం.మీ.కు తగ్గిస్తే అది సుమారు 8 శాతమే అవుతుంది. చూడటానికి సన్నని గీతల్లా ఉన్నా, కలిపి చూస్తే అది చిన్న మడి.

ఆ సందును ఉత్త మట్టితో వదిలేస్తే వానకు మట్టి కొట్టుకుపోతుంది, బండ కదులుతుంది, తుంగ, వయ్యారిభామ మొలుస్తాయి. నేలను అంటుకుని పాకే మొక్క ఉంటే దాని వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. నర్సరీల్లో గ్రౌండ్ కవర్ అని అమ్మే మొక్కల్లో కొన్ని ఈ పనికి పనికివస్తాయి, చాలా పనికిరావు. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, ముందు మొక్క నచ్చి కొనుక్కుని, తరవాత చోటు వెతకడం. ఈ యూనిట్‌లో దానికి ఎదురు దారిలో వెళతాం. ముందు సందును చదువుదాం, తరవాత మొక్కను వెతుకుదాం.

7.2 సందును పరీక్షించడం

7.2.1 అడుగున ఏముంది?

సన్నని ఇనప చువ్వను సందులో గుచ్చి చూడండి. 10–15 సెం.మీ. వరకు దిగితే అడుగున ఇసుక లేదా మట్టి ఉన్నట్టు. మూడు నాలుగు సెంటీమీటర్లలోనే ఖంగుమంటే కాంక్రీటు ఉంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? సందులోని మట్టి చాలా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో రెండు పక్కలా కాలే బండల మధ్య అది త్వరగా ఎండిపోతుంది. కానీ బండ కింద ఉన్న మట్టి నుంచి నీరు అంత సులువుగా ఆవిరి కాదు. వేసవిలో ఒక బండను లేపి చూస్తే అడుగున చెమ్మ కనిపించడం మీరు గమనించే ఉంటారు. ఇసుక పరుపు ఉంటే వేరు పక్కకు, కిందికి వెళ్లి ఆ చెమ్మను అందుకుంటుంది. కాంక్రీటు ఉంటే వేరుకు ఆ దారి మూసుకుపోతుంది. అటువంటి సందు లోతు లేని మట్టి మూకుడుతో సమానం. అక్కడ రోజూ నీరు పోయగలిగితేనే మొక్కల సంగతి ఆలోచించాలి.

7.2.2 నీరు ఇంకుతుందా?

సందులో 10 సెం.మీ. లోతు మట్టి తీసి, చెంబెడు నీళ్లు పోసి చూడండి. అరగంటలోపు ఇంకితే చాలా మొక్కలకు సరిపోతుంది. మర్నాటికి కూడా నిలిచి ఉంటే వేర్లు కుళ్లుతాయి. అక్కడ తేమను తట్టుకునే మొక్కలే వేయాలి, లేదా అడుగు సరిచేయాలి.

నేల రకాన్ని కూడా చూడండి. ఎర్ర చల్కా నేలల్లో నీరు త్వరగా దిగుతుంది. నల్ల రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. రేగడి మీద నేరుగా పరిచిన బండలు ఏటా ఎగుడుదిగుడవుతాయి. అలాంటి చోట కొంత రేగడి తీసేసి, మొరం, దానిపై ఇసుక వేశాకే బండలు పరవాలి.

7.2.3 ఎండ ఎంత?

ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, 3 గంటలకు ఎండ ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టుకోండి. ఒక్క రోజు చూస్తే సరిపోదు. ఇంటికి ఉత్తరం పక్క స్థలం డిసెంబరులో రోజంతా నీడలో ఉంటుంది. కానీ మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా, కర్కటరేఖకు దక్షిణంగా ఉన్నాం. హైదరాబాదు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అందువల్ల మే, జూన్ నెలల్లో సూర్యుడు ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు. ఉదయం, సాయంత్రం ఎండ ఉత్తరపు గోడ మీద పడుతుంది. చలికాలంలో చూసి ‘ఇది నీడ’ అని నాటిన మొక్క వేసవిలో మాడిపోవడానికి కారణం తరచుగా ఇదే.

7.2.4 ఎవరు నడుస్తారు?

ఈ ప్రశ్నను చాలామంది అడగరు. గేటు నుంచి వరండాకు వెళ్లే దారిలో రోజుకు ఎన్నోసార్లు నడుస్తారు. స్కూటరు తోసుకొస్తారు. తులసికోట చుట్టూ పొద్దున ఒకసారి తిరుగుతారు. పెరటి చివర మూల వైపు ఎవరూ వెళ్లరు. ఈ మూడు చోట్లకు ఒకే మొక్క సరిపోదు. నడిచేవారిలో పెద్దవాళ్లు, చేతికర్ర పట్టుకునేవారు ఉన్నారా, పిల్లలు చెప్పులు లేకుండా ఆడతారా అన్నది కూడా రాసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(1) ఒక అడుగు చదరపు బండలను, అంటే 30 సెం.మీ. బండలను, 5 సెం.మీ. సందులతో పరిస్తే సందుల వైశాల్యం ఎంత శాతం?
(2) కాంక్రీటు మీద పరిచిన బండల సందుల్లో మొక్కలు వేసవిలో త్వరగా ఎండిపోవడానికి కారణం ఏమిటి?

7.3 మొక్కలో చూడవలసిన లక్షణాలు

(అ) ఎత్తు: నడిచే చోట మొక్క 5 సెం.మీ. మించకూడదు. అంతకు మించితే కాలికి తగులుతుంది, పురుగూ పుట్రా దాగడానికి వీలిస్తుంది.

(ఆ) కణుపుల దగ్గర వేర్లు: పాకే కాండం ప్రతి కణుపు దగ్గర వేరు వేస్తే, ఒక ముక్క చెప్పు కింద నలిగినా పక్క ముక్క బతుకుతుంది. ఒకే తల్లివేరు మీద ఆధారపడే మొక్కకు ఆ అవకాశం లేదు.

(ఇ) పెరిగే భాగం నేలకు దగ్గరగా ఉండటం: గడ్డి జాతుల్లో విభాజ్య కణజాలం ఆకు మొదట్లో, నేలను అంటుకుని ఉంటుంది. పైన ఆకు తెగినా, నలిగినా కింది నుంచి మళ్లీ పెరుగుతుంది. పశువులు మేసినా గరిక చావకపోవడానికి, మనం తొక్కినా తట్టుకోవడానికి కారణం ఇదే.

(ఈ) సన్నని వేర్లు: వేరు లావెక్కి కొయ్యబారితే బండను లేపుతుంది. సందులో మొలిచిన రావి, మర్రి, వేప మొక్కలను చిన్నగా ఉన్నప్పుడే పీకేయాలి.

(ఉ) వేడిని తట్టుకునే శక్తి: గరిక, కొరియన్ గడ్డి సీ4 మొక్కలు. ఎక్కువ ఎండలో, ఎక్కువ వేడిలో వీటి కిరణజన్య సంయోగక్రియ సమర్థంగా సాగుతుంది. పాయల జాతి మొక్కలు సీ4 పద్ధతిని అనుసరిస్తూనే, నీరు చాలనప్పుడు పత్రరంధ్రాలను రాత్రిపూట తెరిచే సీఏఎం పద్ధతికి మారగలవు. వేసవిలో వాటి ఆకు వాడకపోవడానికి ఇది ఒక కారణం.

(ఊ) హద్దులో ఉండటం: పాకే గుణం కావాలి గాని, పక్క మడిని, పక్కింటిని ఆక్రమించే గుణం ఉండకూడదు.

7.4 చోటును బట్టి మొక్కలు

7.4.1 పూర్తి ఎండ, ఎక్కువ తొక్కుడు

గరిక (సైనోడాన్ డాక్టిలాన్) అన్నిటికన్నా గట్టిది. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక ఇదే. త్వరగా అల్లుకుంటుంది, ఎండినట్టు కనిపించినా వానకు చిగురిస్తుంది. నీడలో మాత్రం పలచబడిపోతుంది. దీని కాండాలు నేల లోపల కూడా పాకుతాయి కాబట్టి ఒకసారి బండ కిందికి వెళితే తీసేయడం కష్టం. పక్కనే కూరగాయల మడి ఉంటే దీన్ని వేయకండి.

కొరియన్ గడ్డి (జాయ్సియా జాతి) సన్నని ఆకులతో మెత్తగా, దట్టంగా ఉంటుంది. తొక్కుడును బాగా ఓర్చుకుంటుంది. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి తరచు కత్తిరించే పని లేదు. అయితే సందు నిండటానికి నెలలు పడుతుంది. ఆ లోపల కలుపు తీసే ఓపిక ఉండాలి.

7.4.2 ఎండ, ఓ మోస్తరు తొక్కుడు

బొక్కెన (ఫైలా నోడిఫ్లోరా) చెరువు గట్ల మీద, కాలువ పక్కన సహజంగా పెరిగే మొక్క. కణుపు కణుపుకూ వేరు వేస్తూ చాపలా పరుచుకుంటుంది. తెలుపు, లేత ఊదా కలిసిన చిన్న పూల గుత్తులు పూస్తుంది. ఆ పూలకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. పిల్లలు వట్టి కాళ్లతో ఆడే చోట ఈ కారణంగానే దీన్ని వేయకూడదు. వేగంగా పాకుతుంది కాబట్టి అంచులు కత్తిరిస్తూ ఉండాలి.

డెస్మోడియం ట్రైఫ్లోరమ్ లాన్లలో కలుపుగా కనిపించే చిన్న మొక్క. మూడేసి ఆకులు, చిట్టి ఊదా పూలు ఉంటాయి. చిక్కుడు కుటుంబానికి చెందినది కాబట్టి వేరు బుడిపెల్లోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది. సారం తక్కువైన సందు మట్టిలో ఇది మంచి గుణం. లాన్‌లో పీకి పారేసే మొక్కే ఇక్కడ పనికివస్తుంది.

7.4.3 ఎండ, తొక్కుడు లేని చోటు

విష్ణుక్రాంత (ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్) గరప నేలల్లో, తక్కువ నీటితో పెరుగుతుంది. చిన్న నీలి పూలు పూస్తుంది. తల్లివేరు మీద ఆధారపడుతుంది కనుక విత్తనంతో పెంచడం మేలు.

టేబుల్ రోజ్ (పోర్టులాకా గ్రాండిఫ్లోరా) రంగురంగుల పూలతో ఆకట్టుకుంటుంది. కొమ్మ తుంచి గుచ్చితే చాలు, బతుకుతుంది. ఎండకు వెరవదు. కానీ దీని కాండం నిండా నీరే. ఇక్కడ ఒక సొంత అనుభవం చెప్పాలి. పదవీ విరమణ తరవాత నేను మా ఇంటి గేటు నుంచి వరండా వరకు సందులన్నిటిలో దీన్నే నాటాను. ఏప్రిల్‌లో చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. జూలైలో కొమ్మలు బండల మీదికి పాకాయి. వాన పడిన ఒక సాయంత్రం మా అమ్మ వాటి మీద కాలు వేసి జారి కూర్చుండిపోయింది. ఎముకలు విరగలేదు గాని, తరవాత చాలాకాలం ఆమె ఒంటరిగా వాకిట్లోకి రాలేదు. వృక్షశాస్త్రం బోధించిన నాకు ఆ కాండంలో ఏముందో తెలియక కాదు. ఆ దారిలో ఎవరు నడుస్తారన్న ప్రశ్న నేను వేసుకోలేదు. 7.2.4లోని ప్రశ్న అక్కడి నుంచి వచ్చిందే.

7.4.4 తేమ ఉన్న చోటు

కుళాయి దగ్గర, అంట్లు తోమే చోటు పక్కన తేమ ఎప్పుడూ ఉంటుంది. అక్కడ బకోపా మొన్నీరీ, సెంటెల్లా ఏసియాటికా రెండూ బాగా పెరుగుతాయి. మొదటిది చిన్న దళసరి ఆకులతో ఎండను కూడా తట్టుకుంటుంది. రెండోది గుండ్రని ఆకులతో సగం నీడను కోరుకుంటుంది. రెండూ తొక్కుడును అంతగా ఓర్వవు. మన దగ్గర బ్రాహ్మి, సరస్వతి ఆకు అన్న పేర్లను ఈ రెండింటికీ వాడుతుంటారు. అందుకే కొనేటప్పుడు ఆకు ఆకారం చూసి, శాస్త్రీయ నామం అడిగి తీసుకోండి. సబ్బు నీళ్లు పారే చోట, చెప్పులతో తిరిగే చోట పెరిగిన ఆకును వంటకు, మందుకు వాడకూడదు.

7.4.5 నీడ

పొట్టి రకం మోండో గ్రాస్ (ఓఫియోపోగన్ జపానికస్) ముదురు ఆకుపచ్చ కుచ్చులుగా, నెమ్మదిగా పెరుగుతుంది. అప్పుడప్పుడు కాలు పడినా ఫరవాలేదు గాని, రోజూ నడిచే దారికి పనికిరాదు. టర్టిల్ వైన్ (కాలిసియా రెపెన్స్) త్వరగా అల్లుకుంటుంది. కాండం పెళుసు కాబట్టి తొక్కితే తెగుతుంది, తెగిన ముక్క పడిన చోటల్లా మొలుస్తుంది. ఎవరూ నడవని మూలకే దీన్ని పరిమితం చేయండి.

7.5 నాటకూడని మొక్కలు, నాటకూడని చోట్లు

పసుపు పూల వెడేలియా (స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా) చౌకగా దొరుకుతుంది, ఎక్కడైనా పెరుగుతుంది. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కను ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చారు. సందులో వేస్తే కొద్ది నెలల్లో బండనే కప్పేస్తుంది.

యూరప్, అమెరికా తోటల పుస్తకాల్లో, ఫొటోల్లో బండల మధ్య థైమ్ మొక్క అందంగా కనిపిస్తుంది. అది మధ్యధరా ప్రాంతపు మొక్క. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. మనకు వేడి, వాన, తేమ ఒకేసారి వస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో అది మొదలు కుళ్లి పోతుంది. ఫొటోలో మొక్కను చూసినప్పుడు అక్కడ వాన ఏ నెలల్లో పడుతుందో ముందు ఆలోచించండి.

కొన్ని చోట్ల ఏ మొక్కా వద్దు. చేతికర్రతో, వాకరుతో నడిచేవారి దారిలో సందు ఉంటే కర్ర మొన దిగబడుతుంది. అక్కడ బండలను దగ్గరగా పరిచి సందు పూడ్చడమే సరైన పని. ఇంటి గోడకు ఆనుకుని ఉన్న రెండడుగుల పట్టీని కూడా మూసి, నీరు గోడకు దూరంగా పారేలా వాలు ఇవ్వండి. రేగడి నేలల్లో పునాది పక్కన నీరు ఇంకడం మంచిది కాదు. ఈ చోట్లు వదిలేసినా వాకిలిలో చాలా భాగం మిగులుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(3) టేబుల్ రోజ్ నడక దారికి ఎందుకు పనికిరాదు?
(4) ఉత్తరపు గోడ పక్కన నీడ మొక్క నాటే ముందు ఏ నెలల్లో ఎండను గమనించాలి? ఎందుకు?

7.6 నాటే విధానం – ఒక లెక్క

తెలంగాణ, రాయలసీమల్లో తొలకరి తరవాత నేల బాగా తడిశాక, అంటే జూన్ చివర నుంచి ఆగస్టు వరకు నాటడం మంచిది. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉంటాయి కాబట్టి అక్టోబరులో కూడా నాటవచ్చు. మార్చి నుంచి మే వరకు నాటవద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ వాకిట్లో 60 సెం.మీ. బండలు 40 ఉన్నాయి. సందు 5 సెం.మీ. మట్టి నింపే లోతు 10 సెం.మీ.

ఒక్కో బండకు సందు వైశాల్యం 625 చదరపు సెం.మీ.
40 బండలకు 25,000 చదరపు సెం.మీ., అంటే 2.5 చదరపు మీటర్లు.
లోతు 10 సెం.మీ. కనుక మట్టి 2,50,000 ఘనపు సెం.మీ., అంటే 250 లీటర్లు.

ఎర్రమట్టి 2 పాళ్లు, ముతక ఇసుక 2 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు 1 పాలు చొప్పున 100, 100, 50 లీటర్లు కావాలి. నీరు పోశాక మట్టి దిగుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే కలిపి ఉంచుకోండి.

సందు పొడవు కావాలంటే వైశాల్యాన్ని వెడల్పుతో భాగించాలి. 25,000 ÷ 5 = 5,000 సెం.మీ., అంటే 50 మీటర్లు. 15 సెం.మీ.కు ఒక కొమ్మ చొప్పున సుమారు 333 కొమ్మలు పడతాయి. ఇన్ని కొనక్కరలేదు. ఒక కుండీలోని బొక్కెన మొక్కను కణుపుల దగ్గర ముక్కలు చేసి, రెండు నెలలు పెంచుకుంటే చాలావరకు ఇంట్లోనే తయారవుతాయి.

నాటే క్రమం ఇది. ముందు తుంగ గడ్డలతో సహా కలుపు తీయండి. మట్టి నింపి, బండ అంచుకు ఒక సెంటీమీటరు కిందికి ఉండేలా అదమండి. రెండు మూడు కణుపులున్న కొమ్మను, ఒక కణుపు మట్టిలో ఉండేలా నాటండి. వెంటనే సన్నని ధారతో నీరు పోయండి. నెలన్నర వరకు ఆ దారిలో నడకను వీలైనంత తగ్గించండి.

7.7 సంరక్షణ

మొదటి మూడు నెలలు నాటినవారి శ్రద్ధ మీదే ఆధారపడి ఉంటాయి. వాన లేని రోజుల్లో రోజు మార్చి రోజు నీరు పెట్టాలి. తరవాత వేసవిలో వారానికి రెండుసార్లు, నేల లోపలికి దిగేలా నీరు పోస్తే, రోజూ పైపైన చల్లడం కన్నా వేరు లోతుకు వెళుతుంది.

చీపురుతో ఊడ్చే ఇళ్లలో గట్టి పుల్లల చీపురు లేత కొమ్మలను లాగేస్తుంది. మొదటి నెలల్లో మెత్తటి చీపురు వాడండి. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేసే బండ చుట్టూ సందును ఖాళీగా వదిలేయడం ఇంటివారికి సుఖం.

బండల మీద మరకలకు యాసిడ్ పోయకండి. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి జాతివి. యాసిడ్ పడితే నురగ కట్టి రాయి పైపొర కరుగుతుంది. సందులోకి దిగిన యాసిడ్ మొక్కల వేర్లను చంపుతుంది. పాకుడు పట్టిన చోట పీచు బ్రష్షుతో రుద్ది కడగడమే మంచిది.

బండ మీదికి పాకిన కొమ్మలను వానాకాలంలో పదిహేను రోజులకోసారి కత్తిరించండి. ఇది అందం కోసం మాత్రమే చేసే పని కాదు. తడి ఆకు మీద కాలు జారకుండా ఉండటానికి ఇది అవసరం.

7.8 సారాంశం

బండల సందులు వాన నీటిని నేలలోకి దింపే దారులు. వాటిలో నాటే మొక్కను అడుగున ఉన్న పరుపు, నీటి ఇంకుడు, ఏడాది పొడవునా పడే ఎండ, నడిచేవారిని బట్టి ఎంచుకోవాలి. పొట్టిగా ఉండటం, కణుపుల దగ్గర వేర్లు వేయడం, తొక్కుడును ఓర్చుకోవడం, హద్దులో ఉండటం ముఖ్య లక్షణాలు. ఎక్కువగా నడిచే ఎండ దారికి గరిక లేదా కొరియన్ గడ్డి, ఓ మోస్తరు నడకకు బొక్కెన, డెస్మోడియం, తడి చోటుకు బకోపా, సెంటెల్లా, నీడకు మోండో గ్రాస్ తగినవి. పెద్దవాళ్లు నడిచే దారిలో, గోడ పక్కన సందులను మూసి ఉంచాలి.

7.9 క్షేత్ర కృత్యం

మీ ఇంటివో, బంధువుల ఇంటివో, మీ ఊరి గుడివో బండలు పరిచిన వాకిలిని ఎంచుకోండి. దాని పటం గీసి, చువ్వ పరీక్ష, చెంబు నీళ్ల పరీక్ష ఫలితాలను, మూడు వేళల్లో ఎండను, నడిచేవారి వివరాలను గుర్తించండి. ఇప్పటికే సందుల్లో వాటంతట అవే మొలిచిన మొక్కలను కూడా రాయండి. ఆ చోటుకు ఏది సరిపోతుందో అవి ముందే చెబుతాయి. మీ ఎంపికను కారణాలతో రెండు పేజీల్లో రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌తో చర్చించండి.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బండల సందుల్లో పెంచే మొక్కకు ఉండవలసిన లక్షణాలను వివరించండి.
2. నాటే ముందు సందును పరీక్షించే విధానాన్ని చర్చించండి.

II. కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గడ్డి జాతులు తొక్కుడును ఎందుకు తట్టుకుంటాయి?
2. సందుల్లో మొక్కలు నాటకూడని చోట్లు ఏవి? కారణాలు తెలపండి.

‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – జవాబులు
(1) 35 × 35 = 1,225; 1,225 – 900 = 325; సుమారు 26.5 శాతం.
(2) బండ కింది చెమ్మను వేర్లు అందుకోలేవు. సందులోని కొద్ది మట్టి త్వరగా ఎండిపోతుంది.
(3) కాండం నిండా నీరు ఉండటం వల్ల తొక్కితే నలిగి కాలు జారుతుంది.
(4) మే, జూన్ నెలల్లో. అప్పుడు సూర్యుడు ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమించడం వల్ల ఉదయం, సాయంత్రం ఎండ ఉత్తరపు గోడ మీద పడుతుంది.